జనగామలో స్పానిష్ చెప్పిన సార్

సార్ పోయారు. మొన్న ఆదివారం పొద్దున జనగామ నుంచి ఆయన చిన్నకూతురు ఫోన్ చేసింది. "అన్నా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, కుర్చీల కూసున్నడు, గంతే. ఇయ్యాల్నే తీస్తరు" అంది. నేను ఉండేది కేసముద్రంలో. దొరికిన రైలెక్కాను.

బడిలో ఆయన మాకు ఇంగ్లిషు సార్. నమ్మబుద్ధి కాదు గానీ, సాయంత్రం గంట కొట్టాక పదో తరగతి గదిలో మాకు స్పానిష్ చెప్పేవారు. డెబ్బైల చివర, జనగామలో! అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఆయనకు ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది హైదరాబాదులో ఒక ముసలి స్పెయిన్ ఫాదరీ దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారట. "ఎందుకు సార్?" అంటే, "ఊకె కూసుంటె పిచ్చి లేస్తదని" అనేవారు. మాకు చెప్పడానికీ అంతకన్నా పెద్ద కారణం ఉన్నట్టు లేదు.

మేం ఏడుగురం. మొదటి నెల పుస్తకం లేదు. ఇంట్లోంచి తలా ఒక వస్తువు తెచ్చి, చేత పట్టుకుని, దాని గురించి మాట్లాడాలి. చెంబు, దువ్వెన, మక్క కంకి. ఒకడు కోడిపిల్లను తెస్తే ఆ రోజు పాఠమంతా దాని వెంట పరుగే. తప్పు చెప్పినవాడు ఆ తప్పును తనే బోర్డు మీద రాయాలి. మర్నాటి దాకా ఎవరూ తుడవకూడదు. బోర్డు పైవరసలో ఎప్పుడూ సారుదే ఒక తప్పు ఉండేది. ఎవరైనా కిసుక్కుమన్నారా, "నవ్వేటోడు బయటికి నడువు" అనేవారు.

దీని విలువ నాకు బాగా తెలుసు. అంతకు ముందు ఎండాకాలం విజయవాడలో మా చిన్నమ్మ ఇంటికి పోతే, "గిట్ల" అన్నానని వీధి పిల్లలు రెండు వారాలు ఏడిపించారు. తిరిగొచ్చాక కొత్తవాళ్ల ముందు నోరు విప్పడం మానేశాను. సార్ క్లాసులో అందరికీ భాష కొత్తదే. నేను మళ్లీ మాట్లాడాను. నిజం చెప్పాలంటే ఆ ఏడుగురిలో నేనే బాగా మాట్లాడేవాణ్ని.

క్లాసులో అంగడి ఆట కూడా ఉండేది: ఒకరు కూరగాయలు అమ్మాలి, ఒకరు కొనాలి. మేం స్పానిష్‌లో ధర అడిగి చివర "అన్నా" అని తగిలించేవాళ్లం. అమ్మేది ఆడపిల్లయితే "అక్కా". అట్లా అనకుండా బేరమాడటం మాకు చేతకాలేదు. సార్ దాన్ని ఒక్కసారి కూడా బోర్డుకెక్కించలేదు. "గది తప్పు గాదురా, మర్యాద. ఉండనియ్యుండ్రి" అన్నారు.

దసరా సెలవులకు ముందు ఎవరో మా నాయినకు ఈ క్లాసు సంగతి చెప్పారు. బడి కమిటీలో నాయిన మాటకు చెల్లుబాటు ఉండేది. "పదో తరగతి పిల్లగానికి గా దిక్కుమాలిన భాషెందుకు? ఎవనితోని మాట్లాడుతవు, ఎడ్లతోనా? ఇంకోపారి నీ నోట్ల వింటే బడి మాన్పిస్త" అన్నాడు. అదే వారం తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. పక్కన నాయిన. "ఈ క్లాసు వల్ల ఏమొచ్చిందో పిల్లలే చెప్పాలి" అన్నాడు పెద్దమనిషి. సార్ నన్ను లేపారు. ఆయన మొహంలో ఎంత ధీమా! "నీ గురించి నాలుగు ముచ్చట్లు చెప్పురా" అన్నారు.

నేను నాయిన వైపు చూశాను. "నాకేం రాదు సార్" అన్నాను.

మిగతా ఆరుగురూ తలలు దించుకున్నారు. బాగా వచ్చినవాడే రాదంటే వాళ్లేం చెబుతారు? క్లాసు ఆ రోజుతో ఆగిపోయింది. మర్నాడు వరండాలో సార్ ఎదురుపడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అన్నం తిన్నవారా?" అని అడిగి వెళ్లిపోయారు.

తర్వాత నేనూ ఇంగ్లిషు పంతులునై దేవరుప్పులలో పనిచేశాను. నా క్లాసులోనూ తప్పులు మర్నాటి దాకా బోర్డు మీదే ఉండేవి. నాకు చదువు చెప్పడం వచ్చిందంటే అది ఆయన పెట్టిన భిక్షే. సారును ఎన్నోసార్లు కలిశాను. భూపాలపల్లిలో ఒక పెళ్లిలో పక్కపక్కనే కూర్చుని తిన్నాం. ప్రతిసారీ క్షమించమని అడుగుదామనుకోవడం, బీపీ గురించి మాట్లాడి లేచి వచ్చేయడం. ఇంత పిరికితనం మనిషికి ఎక్కణ్నుంచి వస్తుందో! ఆయనా ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మాత్రం, "పిల్లలు భయంతోని చెప్పింది పట్టుకోకురా. భయం పోయినంక మళ్ల అడుగు" అన్నారు. నన్ను కూడా మళ్లీ అడుగుతారేమోనని ఎదురుచూశాను. అడగలేదు.

మొన్న ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ల దగ్గర నిలబడ్డాను. ఇప్పుడైనా అడుగుదాం, ఆయన నేర్పిన భాషలోనే అడుగుదాం అనుకున్నాను. నలభై ఏళ్లు దాటిన మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. నీళ్లు. రొట్టె. ఎంతకిస్తావు. రేపు వస్తాను. క్షమించమని అడగడం ఎట్లాగో మాత్రం రాలేదు. మరిచిపోయి కాదు. ఆ పాఠం దాకా మా క్లాసును నేను పోనివ్వలేదు.

"అన్నా, జర పక్కకు జరుగు" అంది చిన్నకూతురు. జరిగాను. డప్పు మొదలైంది. నలుగురూ పాడె ఎత్తుకుని నా ముందు నుంచే వీధిలోకి తిరిగారు. నేను వాళ్ల వెనక నడిచాను.