పదకొండు జడల ఫొటో

పూలు పంపడమంటే ఫోను మీద వేలు నొక్కడమేనని లోకమంతా నమ్ముతున్న రోజులవి. నొక్కిన వేలికి ఇవతల, స్కూటీ మీద ఎండలో మాడిపోయే శాల్తీ ఒకటుంటుందని ఎవరికీ పట్టేది కాదు. ఆ శాల్తీ నేనే. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని (ఇప్పటికీ మిగిలే ఉన్నాయి, అడక్కండి) గుంటూరులో ఒక పూలకొట్లో చేరాను. ఏ పల్లెకైనా అదే రోజు పంపుతామని బోర్డు పెట్టిన మా ఓనర్ని బొకే బాబాయ్ అనేవాళ్ళం. ఆయనకి ఒకటే రూలు. పూలందుకున్న మనిషి పూలబుట్టతో సహా ఫొటోలో పడాలి, ఆ ఫొటో సాయంత్రం ఆరులోపు ఆయనకి చేరాలి. నేను అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే ఇక కొట్టుకి రావద్దన్నాడు. అంటే మావయ్య మిరపకాయల గోడౌన్లో కూర్చోవాలి. ఆ ఘాటు తగిలితే చాలు, నాకు పొద్దున మొదలైన తుమ్ములు భోజనాల వేళ దాకా ఆగవు. ఆ ఉద్యోగం మీద నాకంత ప్రేమ అందుకే.

ఆ రోజు ఆర్డరు పర్చూరు అవతల ఒక పల్లెకి. హైదరాబాదు నుంచి ఒకాయన, అలిగి పుట్టింటికొచ్చేసిన భార్యకి పంపాడు. కార్డు మీద సారీ తప్ప ఇంకేం రాయించలేదు. పత్తి లారీల వెనకే పడి నాలుగున్నరకి చేరాను. ఆవిడ (మేడం అంటే, అక్కా అనమంది) కార్డు చదివి మడిచేసి, బుట్ట వాళ్ళ నాయనమ్మ చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది. నేను మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేసరికి పెద్దావిడ బుట్ట విప్పేసింది. ఇంటికి పూలొస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి పంచకుండా ఒక్కళ్ళే పెట్టుకోవడం ఆ వీధిలో లేదట. ఆవిడ ఒక్క కేకేస్తే కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరుతున్న వాళ్ళంతా చేతులు దులుపుకుని వచ్చేశారు. నేను అడ్డం పడితే, పాపం అబ్బాయికీ ఒకటివ్వండే అని నా చేతిలోనూ ఒక పువ్వు పెట్టారు. జెర్బెరా పువ్వు వాసన చూసి ఒకావిడ పెదవి విరిచింది, విరుస్తూనే జడలో పెట్టుకుంది. సన్నటి తెల్లపూల రెమ్మలు అచ్చం చేలో కలుపులా ఉన్నాయట, డబ్బులిచ్చి కలుపు కొనే అల్లుడు దొరికాడని పడీపడీ నవ్వారు. ఆకులు గేదె ముందు పడ్డాయి (అదీ మూతి తిప్పుకుంది). బుట్ట కోడిగుడ్లకి పనికొస్తుందని లోపలికెళ్ళింది. కాడలు గుచ్చే స్పాంజి ఇటుకని ఒకావిడ అంట్లు తోమడానికి పట్టుకెళ్ళి, గిన్నె మీదే పొడైపోయిందని తిరిగొచ్చి నన్ను తిట్టింది.

ఐదున్నరయింది. బుట్ట లేదు, బొకే లేదు. పూలన్నీ జడల్లో ఉన్నాయి. నేను లోపలికెళ్ళి అక్కకి గోడౌను, తుమ్ములు, అన్నీ చెప్పుకుని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఏడవడమొక్కటే తక్కువ. ఆవిడ అటు తిరిగి కూర్చుంది. అయితే నాయనమ్మ ఒక గులాబీ తెచ్చి మనవరాలి జడలో తురిమితే మాత్రం తీసెయ్యలేదు.

"చూడు తమ్ముడూ, ఆయనకి నా మొహం చూపించను. కావాలంటే వెనక నుంచి తీసుకో," అంది.

నాకింకో దారి లేదు. ఎలాగూ పూలన్నీ వెనకే ఉన్నాయని అందర్నీ వరసగా నిలబెట్టాను. అక్కతో కలిపి పదకొండు మంది. ఇటు తిరక్కండమ్మా, నవ్వకండమ్మా అని బతిమాలుతూ (నవ్వితే మాత్రం ఏం, ఫొటోలో మొహాలే లేవుగా) ఆరుకి రెండు నిమిషాల ముందు పంపించాను.

బాబాయ్ వెంటనే ఫోన్ చేసి, ఇది డెలివరీనా జడల పోటీనా అని చెడామడా తిట్టి, కస్టమరు తిట్టే తిట్లేవో నువ్వే తినమని హైదరాబాదు ఆయన్ని కూడా లైన్లో కలిపాడు. నాకు అప్పుడే తుమ్మొచ్చినంత పనయింది. ఫొటో అప్పటికే ఆయనకి చేరిపోయింది, తిట్టకుండా ఒకటే అడిగాడు.

"ఎడమ నుంచి నాలుగో జడ మా ఆవిడదే కదూ?"

లెక్కపెట్టి చూసుకుని, అవునండి అన్నాను.

"పెట్టుకుందన్నమాట," అన్నాడు. రేపు పొద్దున్నే బయల్దేరి వస్తున్నానని ఆవిడతో చెప్పమని, అంతలోనే వద్దులే చెప్పొద్దని ఫోన్ పెట్టేశాడు. బాబాయ్ గొంతు సవరించుకుని, రేపు తొమ్మిదికల్లా కొట్టు తియ్యమన్నాడు.

గోడౌను తప్పిన సంబరంలో ఆ సాయంత్రం దారంతా పాడుకుంటూ వచ్చాను. ఆయన ఒక్క చూపులో జడని గుర్తుపట్టడం నాకప్పుడు పెద్ద విషయంగా తోచలేదు. పెళ్ళయితే అదే వస్తుందిలే అనుకున్నాను. నాకూ పెళ్ళయి నాలుగేళ్ళయింది. మొన్న పొన్నూరులో ఒక ఫంక్షన్లో మా ఆవిణ్ణి వెనక నుంచి చూసి, భోజనాలయ్యాయిగా, ఇక పోదాం పద అన్నాను. ఇటు తిరిగింది మా వదినగారు. మా ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.