కాండక్టు సర్టిఫికెట్లో ఒక మాట

డెబ్బైల చివర్లో రోజూ తిరుపతిలో పుత్తూరు బస్సెక్కి, వడమాలపేట దాటినాక దిగి, ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పదో తరగతి అయిపోయిన పిల్లలకు కాండక్టు సర్టిఫికెట్లు రాసే పని కూడా హెడ్మాస్టరు నా నెత్తినే వేసినాడు. బీరువాలో పాత నమూనా ఒకటి ఉండేది. అందులో ‘పబ్లిక్ స్పిరిటెడ్’ అని ఎవరో ఎప్పుడో రాసి పెట్టినారు. దాన్నే అందరికీ ఎత్తి రాసేదాన్ని. రాళ్ళు రువ్వినోడికీ అదే, బడి మొగం చూడనోడికీ అదే!

ఆ ఏడు ఒక పిల్ల వచ్చింది. వాళ్ళ నాయన కూలిపని చేస్తాడు. తిరుపతిలో హాస్టలు సీటు రాకుంటే చదువు ఆగిపోయినట్టే. సీటిచ్చేవాళ్ళు ఈ సర్టిఫికెట్ చూస్తారు. కాగితం చేతికిస్తే, వేలు పెట్టి చూపించి, “ఈ మాటకు అర్థమేంది టీచర్?” అనడిగింది.

“పదిమందికి మేలు జరిగే పనికి, తన పని పక్కన పెట్టి ముందుకొచ్చే మనిషని. ఒకరికి అన్యాయం జరిగితే ఊరుకోరు సూడు, అట్లాంటోళ్ళు. ఊరికే మంచోళ్ళను అట్లనరు” అన్నాను. పాఠం చెప్పే గొంతు నాకు యాడికి పోతుంది?

పిల్ల తలొంచుకునింది. “అయితే ఇది తీసేయండి టీచర్. మన బళ్ళో నీళ్ళు మోసే అవ్వను చెప్పాపెట్టకుండా పనిలోంచి తీసేసినప్పుడు, మళ్ళీ పెట్టుకోమని పిల్లలంతా ఎండలో కూర్చుండారు గదా. నేను పోలా. నాయన బడి మాన్పిస్తాడని భయపడి క్లాసులోనే ఉండిపోయినా.”

“తిక్కదానా, సీటు పోతాదే! అందరికీ రాసిందే గదమ్మే” అని కసిరినాను.

“తెలీనప్పుడు సరే టీచర్. ఇప్పుడు తెలిసింది గదా.”

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పిల్లలు ఎండలో కూర్చున్న ఆ పొద్దు నేను స్టాఫ్ రూములో కిటికీ మూసుకొని నోటుబుక్కులు దిద్దుతా ఉన్నాను. ఆ అవ్వ రోజూ నా బల్ల మీద చెంబుతో నీళ్ళు పెట్టి పోయేది. మళ్ళీ ఆమెను పనిలోకి తీసుకోలేదు.

వేరే కాగితం తీసి, ఆ మాట వదిలేసి, తనకు నష్టమని తెలిసినా నిజం చెప్పే పిల్ల అని ఇంగ్లీషులో రాసినాను. “ఇదేం రాతమ్మా!” అని గొణుక్కుంటానే హెడ్మాస్టరు సంతకం పెట్టినాడు. సీటు వచ్చింది.

ఉద్యోగంలో చేరేటప్పుడు మా కాలేజీవాళ్ళు నాకిచ్చిన సర్టిఫికెట్ ఇంకా నా పెట్టెలోనే ఉండాది. అందులోనూ ఆ మాట ఉండాది. అర్థం తెలిసి కూడా తీసేయమని నేనెవురినీ అడగలేదు.