పసుపు మరకున్న సానరాయి

మొన్న విజయనగరం బజారులో ఒకాయన రాయి తడిపి కత్తి నూరుతుంటే, ఆ తడి రాతి వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి.

చిన్నప్పుడు వరికోతల ముందు కొడవళ్లకి సానరాళ్లు ఏరుకు రమ్మని అమ్మ నన్ను ఏటికి పంపేది. "గోరు మీద రాసి సూడే. గీతలడకుండా గోరు నున్నగా అరిగితే అదే మంచిరాయి" అనేది. ఒక ఏడాది ఏటి ఇసుక మీద ఒంటరిగా ఉన్న నల్లటి పలకరాయి దొరికింది. దాని మీది పసుపు మరక రాయి రంగే అనుకున్నాను.

మర్నాడు అమ్మ దాని మీద కొడవలి నూరుతుంటే పక్కింటి సూరమ్మ పిన్ని వచ్చింది. ఆ వానాకాలంలోనే ఆమె పసిబిడ్డ పోయాడు. రాయిని చూసి అక్కడే కూలబడింది.

"నా బిడ్డకి పసుపు నూరిన రాయిది. ఆడిని కప్పెట్టిన కాడ ఎట్టమని నానే ఇచ్చినాను."

అమ్మ నా మీద చెయ్యెత్తింది. పిన్ని ఆపింది.

"దానికేటి తెలుసక్కా?" అని నావైపు తిరిగింది. "నన్నప్పుడు ఏటికి రానివ్వలేదు. ఆడిని కప్పెట్టిన మీ సిన్నాన్న వలసెల్లిపోనాడు. ఆ సోటు నువ్వే సూపించే."

ఏటికి తీసుకెళ్లాను. ఇసుకంతా ఒకేలా ఉంది. రాయి ఎక్కడ తీశానో ఎంత వెతికినా తెలియలేదు. నేను ఏడుస్తుంటే పిన్ని రాయిని పైటతో తుడిచి, నిలబడ్డ చోటే పెట్టింది.

"ఊరుకో. ఈ ఇసకలోనే ఉన్నాడు కదే" అంది.

బిడ్డ చోటు పోగొట్టుకున్న మనిషి, దాన్ని పోగొట్టిన నన్ను ఓదార్చిందని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అర్థమైన దగ్గర నుంచి ఆ సిగ్గు నన్ను వదల్లేదు.