చక్రాల కుర్చీనా, బ్యాటరీ స్కూటరా

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఈ రోజే మొదటిసారి నరసరావుపేట దాటి, మా ఆయనతో, కాలేజీ చదివే మా అమ్మాయిలతో థీమ్ పార్కుకు వెళ్లాను. ఎక్కువ దూరం నడవలేను. గేటు దగ్గర చక్రాల కుర్చీలు, బ్యాటరీ స్కూటర్లు అద్దెకిస్తున్నారు. నేను స్కూటర్ వైపు వెళ్తుంటే మా ఆయన కుర్చీ తోసుకొచ్చారు.

“స్కూటర్ ఏందే? నేను తోస్తాగా. నువ్వు కదలకుండా కూర్చో,” అన్నారు.

“చానా నెలల నుంచి కదలకుండానే కూర్చున్నా. ఇయ్యాల నన్ను వదిలెయ్యండి,” అని స్కూటరెక్కాను.

ఒక్క చోట ఆగబుద్ధి కాలేదు. అమ్మాయిలు ఆటలెక్కుతుంటే నేను పార్కంతా తిరుగుతూనే ఉన్నాను. ఎక్కడ పడిపోతానోనని ఆయన ఆయాసపడుతూ నా వెనకాలే వచ్చారు.

ఇప్పుడు ఆయన కాళ్లకు వేణ్నీళ్ల కాపడం పెడుతున్నాను. నాకేమో మళ్లీ ఎటైనా పోవాలనే ఉంది. మీరైతే ఏది ఎక్కేవాళ్లు?