నాన్నగారు చూసిన ఈథరు

వేసవిలో కాలువకి నీళ్లు కట్టేసిన మూడో రోజున లేచే బురద వాసన, చచ్చిన చేపపిల్లలూ ఎండిన నాచూ నానిన పడవచెక్కా కలిసిన ఆ వాసన, ముక్కుకు తగిలితే చాలు నాకు నాన్నగారి మీద కోపం వస్తుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, అయినా వస్తుంది.

నిడదవోలు దగ్గర కాలువ గట్టున, గోడ మీద తెల్లదొరల రాణిగారి పటం ఉన్న మిషన్ బడిలో ఆయన మాస్టారు. నాకు తొమ్మిదేళ్లు, అదే బడిలో చదివేదాన్ని. సాయంత్రాలు కాలువ నీళ్లను ఆపే లాకుల దగ్గర కూర్చుని, అమ్మ ఆకులో చుట్టి ఇచ్చిన తాటిముంజలు నేను జుర్రుకుంటుంటే, ఆయన నీళ్లలోకి గులకరాయి విసిరి, ఆ అల వెళ్లి అవతలి ధాన్యం పడవను తాకేదాకా చూపించేవారు. నీళ్లుంటేనే అల నడుస్తుందనీ, వెలుగు కూడా అలే గనుక సూర్యుడికీ మనకీ మధ్య ఈథరు అనే అతి పలచని పదార్థం నిండి ఉందనీ, అది మన వేళ్ల సందుల్లో కూడా ఉంటుందనీ చెబుతుంటే నేను గుప్పిట విప్పి, ముడిచి, మళ్లీ విప్పి చూసుకునేదాన్ని.

అంతలో కాలువ కట్టేశారు. నాకు బెంగ పట్టుకుంది.

"నాన్నగారూ, ఈథరుని కూడా కట్టేస్తారాండి? మరి వెలుగెలా వస్తుందండి?"

ఆయన పగలబడి నవ్వారు. "దానికి లాకుల్లేవమ్మా."

"మీరు చూశారాండి?"

కాస్త తటపటాయించి, "చూశానమ్మా" అన్నారు.

ఇంకేం కావాలి నాకు! తోటిపిల్లలందరికీ చెప్పాను. నమ్మనివాళ్లతో మాటలు మానేశాను.

బళ్లు తెరిచాక, కొత్త సున్నం వాసన వేస్తున్న గదిలోకి ఇన్‌స్పెక్టరు వచ్చి, సూర్యుడి వెలుగు మనదాకా ఎలా వస్తుందని అడిగాడు. అందరికన్నా ముందు లేచి ఈథరు పేరు చెప్పాను.

"ఎవరు చూశారు దాన్ని?"

"మా నాన్నగారు చూశారండి."

గదంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు నాన్నగారి వైపు తిరిగాడు. ఆయన సుద్దచేతులు పంచెకు తుడుచుకుంటూ, "నేనలా చెప్పలేదండి. చిన్నపిల్ల, ఊహించుకుందండి" అన్నారు. అబద్ధమాడినందుకు సాయంత్రందాకా నన్ను బల్ల మీద నిలబెట్టింది కూడా ఆయనే.

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనయ్యాను. ఒకరోజు పత్రికలో చదివాను: వెలుగుకి ఈథరు అక్కర్లేదట, దాన్ని ఎవరూ ఎన్నడూ చూడలేదట, అల నడవడానికి ఏదో ఒకటి ఉండాలని పెద్దపెద్ద శాస్త్రజ్ఞులే ఊహించుకున్నారట. ఆ పత్రిక పట్టుకుని నాన్నగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "ఎంత చక్కగా కుదిరిందమ్మా ఆ ఈథరు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నన్ను బల్ల ఎక్కించినందుకు ఒక్క మాట అంటారని చూశాను. చివరికి నేనే అడిగాను.

"ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు గుర్తుందాండి?"

"ఏ ఇన్‌స్పెక్టరమ్మా?"

ఇప్పుడా బడి ధాన్యం కొట్టు అయింది. పడవలు తగ్గిపోయాయి. పాఠాల్లోంచి ఈథరును తీసేశారు. ఎన్నడూ లేని ఈథరు కోసం నాన్నగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సాయంత్రందాకా బల్ల మీద నిలబడిన పిల్ల మాత్రం ఆయనకు గుర్తు కూడా లేదు.