చిరకతో ఉతికిన తెల్లబట్టలు

మా సాలూరు సంఘంలో ఆరాధన ఆదివారం మొదలైనా దాని వాసన మాత్రం శనివారం సాయంత్రమే మొదలయ్యేది. స్త్రీల సమాజం వాళ్ళు గుడి గచ్చంతా కడిగి, మల్లెపూల వాసన వచ్చే ఫినాయిలుతో తుడిచేవారు. తెల్లారేసరికి అది కాస్త తగ్గేది. ఈలోగా వాసన కోసం నీళ్ళలో కలిపే ద్రావకంతో జాడించిన చీరలతో, పౌడర్లతో, తలనూనెలతో మేమంతా లోపలికి వచ్చేవాళ్ళం. దేవుని మందిరం శుభ్రంగా ఉండాలని, అందులోకి వచ్చేవాళ్ళు ఇంపుగా ఉండాలని ప్రేమతో చేసే పనే అది. కాని మా అమ్మాయికి ఆ గుమ్మంలోనే ఊపిరి బిగుసుకునేది.

అప్పటికి అది పదో తరగతి. మొదటి పాట పూర్తికాకముందే దగ్గు, ఆ వెనకే ఛాతీలో పిల్లికూతలు. ఇన్‌హేలరు పీల్చుకుని బయట వరండాలో కిటికీ పక్కన కూర్చునేది. లోపల మేం పాడుతుంటే బయట దాని పెదాలు కదులుతుండేవి. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని నేను. నా సొంత బిడ్డ మాత్రం గోడకు అవతల ఉండేది.

విజయనగరంలో చూపించాం. డాక్టరమ్మ మందులు రాసి, "ఇంట్లో ఏం వాడుతున్నారు?" అని అడిగింది. నేను పప్పు, చేపలు, ఉలవచారు అని మొదలుపెట్టాను.

"తినేవి కాదమ్మా. తుడిచేవి, ఉతికేవి చెప్పండి."

చెప్పాను. ఆవిడ వింటూ తలూపింది. "వాసన కలిపినదేదైనా ముందు ఇంట్లోంచి తీసెయ్యండి. నేను రాసిన మందు ఒక్కటే సరిపోదు. ఇదీ వైద్యంలో భాగమే," అంది.

తిరిగి వస్తూ బస్సులో సిరియా సేనాధిపతిని తలచుకున్నాను. కుష్ఠు పోవాలంటే నదిలో మునిగి రమ్మని ప్రవక్త కబురు పెడితే, ఇంత చిన్న పనా అని ఆయనకు కోపం వచ్చింది. పెద్ద పని చెబితే చేసేవాడే. చివరికి ఆ నదిలో మునిగాకే నయమైంది. సబ్బు మార్చడం కూడా చిన్న పనే. చిన్నదని చులకన చెయ్యకూడదని ఆ బస్సులోనే నిశ్చయించుకున్నాను.

ఇంట్లో ఉన్న సీసాలన్నీ తీశాను. పారబోద్దామంటే మా వీధి కాలువ పోయేది వేగవతి నదిలోకే. వంతెన కింద తేలే నురగలో మా ఇంటి నురగ కూడా ఉంటుందని అంతవరకూ నాకు తట్టలేదు. మా ఆయన లారీలకు బాడీ కట్టే షెడ్డులో పని చేస్తాడు. ఆ సీసాలన్నీ షెడ్డుకు పట్టుకుపోయి, వాడేసుకోమని అక్కడివాళ్ళకు ఇచ్చేశాడు.

తర్వాత బజారులో పచ్చని ఆకు బొమ్మ వేసిన సీసా ఒకటి దొరికింది. ప్రకృతి సిద్ధం, నీటికీ నేలకూ మేలు అని రాసి ఉంది. ఆశగా తెచ్చి గచ్చు తుడిచాను. ఇల్లంతా నిమ్మగడ్డి వాసన కొట్టింది. బిడ్డ దగ్గుతూ పెరట్లోకి పరుగెత్తింది. ఆకులోంచి వచ్చినా ఫ్యాక్టరీలోంచి వచ్చినా వాసన వాసనేనని, దాని ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి సీసా ముందువైపు చూడడం మానేసి, వెనక చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. పర్ఫ్యూమ్ అన్న మాట కనిపిస్తే తిరిగి అరలో పెట్టేసేదాన్ని. కొట్టువాడు విసుక్కునేవాడు. విసుక్కోనిమ్మనుకున్నాను.

చివరికి మా ఇంటికి నిలిచినవి కొన్నే. బట్టలకు పసిపిల్లల కోసం అమ్మే వాసన కలపని పొడి. గచ్చుకు వేడినీళ్ళు, కాస్త బట్టల సోడా. గిన్నెలకు కుంకుడుకాయలు నానబెట్టిన నీళ్ళు. నీళ్ళగదిలో ఉప్పుమరకలకు, బట్టల్లో మిగిలిపోయిన పాత వాసనలకు వెనిగరు.

ఓ సాయంత్రం మా ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"ఒసే, ఇది మనిల్లేనేటి? ఏటీ వాసన రాట్లేదు. ఎవులింట్లో దూరిపోనానో అనుకున్నాను."

"నువ్వొచ్చీసావుగా నాన్నా, ఇంక గ్రీజు వాసన వచ్చీసింది," అంది అమ్మాయి లోపలినుంచి.

అలా ఇంట్లో దాని ఊపిరి కుదుటపడింది. గుడిలో మాత్రం ఏమీ మారలేదు.

ఆ వేసవిలో అది బాప్తిస్మం కోరుకుంది. నేను అడగలేదు, తొందరపెట్టలేదు. తానే వెళ్ళి పాస్టరుగారితో చెప్పింది. మా సంఘంలో బాప్తిస్మమంటే నీళ్ళలో పూర్తిగా ముంచి లేపడమే. క్రీస్తుతో పాటు చనిపోయి, ఆయనతో తిరిగి లేచినట్టని దాని అర్థం. ప్రసంగ వేదిక చెక్కల కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఆ రోజు చెక్కలు తీసి నీళ్ళు నింపుతారు. దిగేవాళ్ళకు సంఘం తెల్లబట్టలు ఇస్తుంది. అవి ఇనుప పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంటాయి. ఆ పెట్టె మూత తీస్తే వీధి వరకూ తెలుస్తుంది. ఆ బట్ట తడిసి బిడ్డ ముఖానికి అంటుకుంటే ఏమవుతుందో తలచుకోవడానికే నాకు భయం వేసింది.

పాస్టరుగారు దయగల మనిషి. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "అమ్మాయి కోసం ఓ రోజు మనం కొంతమందిమే నది దగ్గరకు వెళ్దామమ్మా. అక్కడ గాలి ఆడతాది, ఏ ఇబ్బందీ ఉండదు," అన్నారు.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నేనేటి తప్పు చేసానని అయ్యగారూ, ఒక్కదాన్నీ?"

బాప్తిస్మం సంఘం ఎదుట ఇచ్చే సాక్ష్యం. సంఘమంతా ఒకే శరీరమని, ఒక అవయవం బాధపడితే శరీరమంతా బాధపడుతుందని మేమే పిల్లలకు కంఠస్థం చేయిస్తాం. అలాంటప్పుడు ఆ ఒక్క అవయవాన్ని నది ఒడ్డుకు ఎలా పంపుతాం?

"అందరితోనే ఇవ్వండి అయ్యగారూ, తొట్టిలోనే," అన్నాను. "గుడి సంగతి, బట్టల సంగతి నేను చూసుకుంటాను."

ఆ వారమే స్త్రీల సమాజంలో మాట ఎత్తాను. తెల్లబట్టల పెట్టె తాళం మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ కొంగున ఉండేది. వయసులో ఉన్నన్నాళ్ళూ కోతలకూ ఊడ్పులకూ వెళ్ళిన మనిషి. సంఘంలో పరిచారకురాలు. గచ్చు ఎవరు తుడవాలో, బల్ల మీద ఏ గుడ్డ పరవాలో చెప్పేది ఆవిడే.

"దేవుడి మందిరంలో వాసనొద్దంటే ఎలాగే?" అంది పెద్దమ్మ. "లేఖనమంతా సువాసనే గదా. ధూపం, అత్తరు. ప్రభువు పాదాలకి ఒకావిడ అత్తరు పోస్తే ఇల్లంతా గుప్పుమన్నాది. దానికేటంటావు?"

"ఆ ఇంట్లో ఉబ్బసమోలు లేరు గాబోలు పెద్దమ్మా," అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

"ప్రార్థన సేస్తే పోతాది. సబ్బులేటి, సోడాలేటి? విశ్వాసం సాలక గానీ," అంది మరొకామె.

ఆ మాట గుచ్చుకుంది. ఉపవాసం ఉండి ఎన్ని ఉదయాలు మోకరించానో దేవునికి తెలుసు. అయినా గొంతు పెంచలేదు. సేనాధిపతి సంగతి గుర్తుచేశాను. ఆయన నమ్మకం నదిలో దిగినప్పుడే కదా తెలిసింది అన్నాను. సువాసన అన్నది మనం బతికే తీరును బట్టి రావాలి, సీసాలోంచి కాదు అన్నాను. పాస్టరమ్మగారు నా పక్షాన మాట్లాడారు. గచ్చుకు ఫినాయిలు మానేసి బట్టల సోడా వాడడానికి చాలామంది ఒప్పుకున్నారు. ఇక తెల్లబట్టలు మిగిలాయి. సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, ఆఖరున చిరక కలిపిన నీళ్ళలో జాడిస్తే కలరా ఉండల వాసన వదులుతుందని చెప్పాను.

వెనిగరు అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. బజారులో దాన్ని వెనిగరనే అంటారు. మా లేఖనంలో దాని పేరు చిరక. మా అమ్మ కూడా అలాగే అనేది. సమాజంలో కూర్చున్న అలవాటు కొద్దీ నా నోట అదే వచ్చింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏటీ, సిరకా? సిలవ మీద దాహమంటే ఆయన నోటికెత్తింది అదే గదే! ఆయనతో పాటు సచ్చి లెగిసే బట్టలకి ఆయన్ని ఏడిపించిన సిరక అంటిత్తావా? నా పానం ఉండగా ఈ పెట్టె తియ్యనియ్యను."

తాళం కొంగున బిగించి ముడివేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే అందరూ లేచారు. అంతకుముందు ఒప్పుకున్న గచ్చు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక అమ్మాయి, "పేరు మార్చి సెప్పీయమ్మా. ఇది వేరే మందని అనీ," అంది.

"వద్దు. అబద్ధంతో ఉతికిన బట్ట నీకు తొడగను," అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు బాగుచేస్తోంది. నన్ను చూసి కూడా తల ఎత్తలేదు.

"తాళం కోసమైతే ఎల్లిపో."

"తాళం కోసం కాదు పెద్దమ్మా. కోతల కాడ మీకు కూడెట్టేవారా?"

"ఎట్టకేటి? అంబలి, ఉల్లిపాయ. మంచి ఆసామైతే ఎండుసేప. దానికేటి ఇప్పుడు?"

"లేఖనంలో పరిగె ఏరుకోడానికొచ్చిన మోయాబు దేశపు కోడలుంది కదా. ఆ పొలం ఆసామి ఆవిడకేటి పెట్టాడు?"

"రొట్టె. ఇలాగొచ్చి తినమన్నాడు. ముంచుకు తినమన్నాడు."

"దేన్లో ముంచుకోమన్నాడు పెద్దమ్మా?"

చేట ఆగింది. ఆవిడ పెదాలు ఆ వాక్యాన్ని మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చాయి. ఆ మాట దగ్గరకు వచ్చి నిలిచిపోయాయి.

"సిరకలో," అంది మెల్లగా. మళ్ళీ తానే, "ఓలమ్మ! అదీ సిరకే గదే," అంది.

"పరాయిదానిలా దూరంగా ఉన్న పిల్లని పిలిచి, కోతవాళ్ళ వరసలో కూర్చోబెట్టి తినమన్నాడు. నాకూ అదే కావాలి పెద్దమ్మా. నా పిల్ల కూడా మనందరి వరసలో కూర్చోవాలి."

పెద్దమ్మ చేటలోంచి ఓ రాయి ఏరి వీధిలోకి విసిరింది.

"మాటకారివే నువ్వు. అయితే నీ సేతికివ్వను. నువ్వు సెప్పు, నానుతుకుతాను."

అలాగే ఉతికింది. గుడి వెనక బోరింగు దగ్గర గంగాళంలో నీళ్ళు కాచి, సోడా వేసి, బట్టలు నానబెట్టాం. మొదట పిండిన నీళ్ళ వాసనకు మాకే కళ్ళు మండాయి. మళ్ళీ నానబెట్టాం, మళ్ళీ ఉతికాం. నీలిమందు కూడా వద్దన్నాను. పెద్దమ్మ గొణుక్కుంది గాని వెయ్యలేదు. చివరి బకెట్టులో చిరక మాత్రం తన చేత్తోనే పోసింది. పోసే ముందు కళ్ళు మూసుకుని ఏదో అంది. అది నాకు వినిపించలేదు. తొట్టిని బ్లీచింగు లేకుండా సోడాతో, కొబ్బరిపీచుతో పామి కడిగాం. గుడి గచ్చుకు కూడా ఫినాయిలు మానేసి సోడా నీళ్ళే వాడాం.

బట్టలు పిట్టగోడ మీద ఎండలో ఆరాక పెద్దమ్మ ఒకటి తీసుకుని ముఖం అందులో పెట్టింది.

"ఏటీ లేదే. సిరకా లేదు, కలరా ఉండలూ లేవు. పోనీ పెట్టెలో వేపాకైనా వేద్దునా?"

"అదీ వాసనే పెద్దమ్మా. అప్పుడప్పుడు తీసి ఎండలో వేద్దాం."

"వేద్దాం అంటే నువ్వొస్తావా, నానొక్కదాన్నేనా?"

"వస్తాను."

బాప్తిస్మం ముందటి ఆదివారం పాస్టరుగారు వేదిక మీదినుంచి అందరినీ అడిగారు. వచ్చే వారం సెంటూ పౌడరూ లేకుండా రండి, మన బిడ్డ ఒకర్తె మనతో కూర్చోవాలి అన్నారు. చాలామంది విన్నారు. విననివాళ్ళ కోసం పెద్దమ్మ పొద్దున్నుంచే గుమ్మంలో కాపు కాసింది.

"ఏటే, గుప్పుమంతన్నావు?"

"సబ్బు వాసనే పెద్దమ్మా."

"సబ్బో సెంటో, వెనక బల్లకెల్లి ఆ కిటికీ కాడ కూకో. మావా, నువ్వూ అటే. పెళ్ళికొచ్చావా ఏటి?"

నవ్వుతూ, సణుగుతూ వెనక్కి వెళ్ళారు. కోపంతో ఇంటికి తిరిగిపోయిన కుటుంబం కూడా ఒకటి ఉంది. వాళ్ళ కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను. వాళ్ళు రావాలని ఫినాయిలు మాత్రం మళ్ళీ తేను.

అమ్మాయి తక్కినవాళ్ళతో పాటు ముందు బల్ల మీద తెల్లబట్టల్లో కూర్చుంది. ఒకసారి చిన్నగా దగ్గింది. నేను ఇన్‌హేలరు పట్టుకుని లేవబోయాను. మా ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తలూపాడు. ఆ దగ్గు మళ్ళీ రాలేదు.

దాని వంతు వచ్చింది. మెట్లు దిగి నడుము లోతు నీళ్ళలో నిలబడింది. నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడిగితే, వెనక బల్ల దాకా వినిపించేలా నమ్ముతున్నాను అంది. ఆయన దాన్ని వెనక్కి వాల్చి ముంచారు. తెల్లబట్ట నీళ్ళలో ఉబ్బి, దాని ముఖం మీదుగా కప్పుకుంది. పైకి లేచినప్పుడు నేను దాని ముఖం చూడలేదు, ఛాతీనే చూశాను. తడిబట్ట కింద నిండుగా లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

సంఘం పాట ఎత్తుకుంది. అమ్మాయి కూడా తొట్టిలోనే నిలబడి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, గొంతెత్తి అందుకుంది. మొదటి చరణం అయింది, రెండోది మొదలైంది. అది కదలడంలేదు.

"ఎక్కు తల్లీ, నీ వెనక ఇంకా ఉన్నారు," అన్నారు పాస్టరుగారు.

"ఉండండయ్యగారూ," అంది పెద్దమ్మ, తువ్వాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి. "పాట అవనీండి."