జబ్బు లేని ఆవు

నా చిన్నప్పుడు క్యాసంబళ్ళి దగ్గరి మా పల్లెకు పశువుల డాక్టరుగా ఒక ఆడమనిషి వచ్చింది. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్లలో పెరిగిన తమిళ పిల్ల. ఆడది ఆవుకు సూది వెయ్యడమేమిటని మావాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు, ఏ కులమో ఏమోనని గుసగుసలాడారు. పశువుకు బాగాలేకపోతే ముళబాగిలు ఆస్పత్రి దాకా తోలుకుపోయేవారు గానీ ఆమె గడప తొక్కేవారు కాదు. బడికి పోతూ చూసేదాన్ని, ఆస్పత్రి మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉండేది. పెద్దవాళ్ళకు కూడా ఎవరూ లేకుండా పోతారా అని నాకు దిగులేసేది.

ఒకనాడు మా సీమావుకు కడుపుబ్బింది. ముళబాగిలు దాకా పోయే వ్యవధి లేక మా అవ్వ ఆమెనే పిలిపించింది. ఆ ఆవు కృష్ణగిరి సంతలో తమిళుల దగ్గర కొన్నది, ఎవరు దగ్గరికి పోయినా తన్నేది. ఆమె దాని మెడ నిమిరి తమిళంలో ఏదో చెప్పేసరికి ఆవు కుదురుగా నిలబడింది. మా పల్లెలో తమిళం ఎరిగింది వాళ్ళిద్దరే మరి. వైద్యం అయ్యాక కూడా ఆమె చాలాసేపు దానితోనే మాట్లాడింది. పోతూ పోతూ, ఉద్యోగం వదిలేసి ఇంటికి పోతానని అవ్వతో అంది.

మర్నాటికి ఆవు శుభ్రంగా మేసింది. అయినా అవ్వ నన్ను ఆస్పత్రికి తరిమింది.

"ఆవు మేత ముట్టలేదని చెప్పు. సాయంత్రం వచ్చి చూడమను."

అబద్ధం కదా అంటే కసిరింది. ఆమె వచ్చి ఆవును చూసి, మా వంటింట్లో కూర్చుని మా గ్లాసుతోనే కాఫీ తాగింది. ఇక ఆ ఆవుకు రోజుకో జబ్బు. ఆమెను మా ఇంట్లో చూసి చూసి, పక్కింటివాళ్ళు కూడా తమ దూడను చూపించారు. ఉద్యోగం వదిలే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు బదిలీ అయినప్పుడు ఆమె మా అవ్వ చేతులు పట్టుకుంది.

"ఆవుకి ఏమీ లేదని నాకు మొదటి దినమే తెలుసు అవ్వా."

"తెలిసీ వచ్చినావు గదమ్మా," అంది అవ్వ.

ఇప్పుడు నేనూ ఒంటరిదాన్నే. పక్క వాటాలో మణిపూర్ నుంచి వచ్చిన నర్సు పిల్ల ఒక్కతే ఉంటుంది. వీధిలో ఎవరూ ఆమెను పలకరించరు. తల తిరుగుతోంది, బీపీ చూడమని సాయంత్రం పూట పిలుస్తాను. చూసి, అంతా బాగుంది అమ్మమ్మా అంటుంది. రేపు కూడా ఒకసారి చూడమంటాను. సరేనని, కాఫీకి కూర్చుంటుంది.